ఇల్లు అమ్మదలచిన వారు ముందుగా సిద్ధపరచుకొనవలసిన కాగితములు

మన నేత కుటుంబములకు ఇల్లు తల దాచుకొను చోటు మాత్రమే కాదు. గుంటమగ్గము ఆ ఇంటిలోనే యున్నది. పడుగు చాచి గంజి పట్టించునది ఆ ఇంటి ముందరి వీధిలోనే. నూలు, రంగులు, తయారైన సరుకు ఉంచునది ఆ నడిమి గదిలోనే. అందుచేత మనవారు ఇల్లు అమ్మజూపినారనగా దాని వెనుక గట్టి కారణమే ఉండును. ఆడపిల్ల పెండ్లియో, ఆస్పత్రి ఖర్చో, అన్నదమ్ములు వేరుపడుటయో, మగ్గము మాని మరియొక పట్టణము చేరుటయో అయి ఉండును.

అవసరము తరుముచుండగా బేరము ముందు కుదుర్చుకొని, బయానా పుచ్చుకొని, పిమ్మట కాగితముల కొరకు పెట్టె వెదకుట మనలో చాలమందికి అలవాటు. అసలు సంగతి అప్పుడు బయటపడును. ఇల్లు ఇంకను తాతగారి పేరనే ఉన్నది. తాతగారి మరణ ధ్రువపత్రము లేదు. మేనత్తల సంతకములు లేవు. అసలు దస్తావేజు ఎప్పుడో తీర్చిన అప్పు క్రింద ఎక్కడనో ఉండిపోయినది. కొనువాడు ఈ చిక్కు గ్రహించిన క్షణము నుండి ధర అతని చేతిలోనికి పోవును. లేదా గడువు దాటినదని బయానా తిరిగి ఇమ్మనును. ఆ సొమ్ము అప్పటికే పెండ్లికో వైద్యమునకో ఖర్చయి ఉండును. ఇంటి ధరను గోడలును స్థలమును మాత్రమే నిర్ణయించవు. కాగితములు కూడ నిర్ణయించును. కావున మొదట కాగితములు, తరువాత బేరము అను క్రమమును మనవారు పాటింపవలెనని ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చట్టము అమ్మువానిపై ఉంచిన బాధ్యత

1882 సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను అమ్మువాని విధులను వరుసగా చెప్పుచున్నది. వేరు ఒప్పందము లేని పక్షమున ఇవి అందరికిని వర్తించును. ఇంటిలో గాని, హక్కులో గాని తనకు తెలిసి, కొనువానికి సామాన్యముగా కనిపెట్టుటకు వీలులేని లోపమున్నచో దానిని అమ్మువాడు తెలుపవలెను. తన వద్దనున్నవి, తాను తెప్పించగలిగినవి అయిన హక్కు దస్తావేజులన్నియు కొనువాడు అడిగినప్పుడు పరీక్షకు చూపవలెను. హక్కును గురించి అడిగిన ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. అమ్మకపు తేదీ వరకు ఇంటి పన్ను మొదలగు బాకీలు తానే చెల్లింపవలెను. పూర్తి సొమ్ము ముట్టిన పిమ్మట దస్తావేజులన్నియు కొనువానికి అప్పగింపవలెను. చెప్పవలసిన లోపమును దాచుట మోసముగా ఎంచబడునని అదే సెక్షను చెప్పుచున్నది. కోర్టులో వ్యాజ్యమున్నచో అదియు దాచరాదు.

ఇంటిలో కొంత భాగమే అమ్మి మిగిలినది ఉంచుకొన్నచో అసలు దస్తావేజులు అమ్మువాడే ఉంచుకొనవచ్చును. అయితే అవసరమైనప్పుడు చూపవలెను; భద్రముగా కాపాడవలెను. వీధి వైపు గది అమ్మి వెనుక మగ్గపు గది ఉంచుకొనువారు ఈ విషయము గుర్తుంచుకొనవలెను.

100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి రిజిస్టరు దస్తావేజు వలననే అమ్ముడగును. తెల్లకాగితముపై వ్రాత గాని, పెద్దల సమక్షమున తాంబూలము పుచ్చుకొనుట గాని అమ్మకము కాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి యిచ్చి ఇల్లు అమ్మినట్లు భావించుట కూడ చెల్లదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టపరచినది.

మూల దస్తావేజు నుండి నేటి వరకు

అమ్మువాడు మొదట చూపవలసినది తన పేరనున్న అసలు దస్తావేజు. అది క్రయ దస్తావేజు కావచ్చును. భాగ పరిష్కారము, దానము, వీలునామా, సెటిల్‌మెంటు, ప్రభుత్వపు పట్టా, హౌసింగు సంఘము వారి కేటాయింపు కావచ్చును. ఆ ఒక్కటి చాలదు. తనకు అమ్మినవానికి ఆ ఇల్లు ఎట్లు వచ్చెనో తెలుపు దస్తావేజు, దానికి ముందటిది, ఇట్లు గొలుసు తెగకుండ ఉండవలెను. వీనినే లింకు దస్తావేజులందురు. బ్యాంకు వకీళ్లు సామాన్యముగా 30 ఏండ్ల చరిత్ర అడుగుదురు. కొనువాడు అప్పు తీసికొని కొనునట్టివాడైనచో ఈ గొలుసులో ఒక్క కొక్కెము లేకున్నను బ్యాంకు వెనుకకు తగ్గును.

రెండవది ఇన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు. తమిళనాడులో దీనినే విల్లంగ సర్టిఫికెట్టు అందురు. ఆ ఇంటిపై రిజిస్టరు అయిన క్రయములు, తాకట్లు మొదలగునవి ఇందులో కనబడును. రిజిస్టరు కానివి కనబడవు. నోటిమాట భాగములు, రిజిస్టరు చేయని వీలునామా, దస్తావేజు అప్పగించి చేసిన రిజిస్టరు కాని తాకట్టు, పన్ను బాకీ ఇందులో చేరవు. కనుక ఈ సర్టిఫికెట్టు శుభ్రముగా ఉన్నంత మాత్రమున హక్కు శుభ్రముగా ఉన్నదని అనుకొనరాదు.

అసలు దస్తావేజు పోయినచో దిగులుపడి దాచిపెట్టుట మంచిది కాదు. సబు రిజిస్ట్రారు కార్యాలయమున ధ్రువీకరించిన నకలు దొరకును. పోలీసువారికి ఫిర్యాదు ఇచ్చి, పత్రికలో ప్రకటన వేసి, ప్రమాణ పత్రము వ్రాసి, ఈ నాలుగును కలిపి ఉంచుకొన్నచో కొనువానికి నమ్మకము కలుగును. ఇది వారములు పట్టు పని గనుక బయానాకు ముందే చేయవలెను.

సంతకము చేయవలసిన వారు ఎవరు?

మన కుటుంబములలో అమ్మకములు ఎక్కువగా ఆగిపోవునది ఇక్కడనే. తండ్రి స్వార్జితముతో ఇల్లు కొని, వీలునామా వ్రాయక మరణించెననుకొందము. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. 1956 హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఇల్లు 5 సమ భాగములగును. ఆయన తల్లి జీవించియున్నచో 6 భాగములు. కొడుకొకడు తండ్రికంటె ముందే మరణించియున్నచో ఆ కొడుకు భాగము అతని భార్యకును పిల్లలకును చెందును. ఇంటిలో కాపురమున్నవాడు, పన్ను కట్టుచున్నవాడు, మగ్గము నేయుచున్నవాడు ఒక్కడే కావచ్చును. అయినను అతని సంతకముతో అతని భాగము మాత్రమే అమ్ముడగును.

తరతరములుగా వచ్చిన పిత్రార్జితపు ఇల్లయినచో, 2005 సెప్టెంబరు 9 నుండి అమలులోనికి వచ్చిన సవరణ వలన కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు గలదు. ఆనాటికి తండ్రి జీవించియుండ నవసరము లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తీర్పు చెప్పినది. తమిళనాడు 1989లోను, కర్ణాటకము, మహారాష్ట్రము 1994లోను ఈ మార్గమున తమ సవరణలు అంతకు ముందే చేసియుండెను. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు మూలముగా గాని, కోర్టు డిక్రీ మూలముగా గాని జరిగిన భాగ పరిష్కారములకు ఈ సవరణ వలన భంగము లేదు.

“కట్నకానుకలిచ్చి పంపితిమి, ఇంక ఆమెకు భాగమేమి?” అను మాట మన వీధులలో ఇప్పటికిని వినబడుచున్నది. పెండ్లికి ఖర్చు పెట్టినంత మాత్రమున కూతురి భాగము పోదు. ఆమె తన భాగమును ఇష్టపడి వదలుకొన్నచో అది హక్కు విడుదల దస్తావేజుగా రిజిస్టరు కావలెను. లేనిచో అమ్మకపు దస్తావేజులోనే ఆమెయు సంతకము చేసి తన భాగపు సొమ్ము పుచ్చుకొనవలెను. ఆడపడుచును చివరి దినమున రిజిస్ట్రారు కార్యాలయమునకు పిలిచి, చదివి వినిపింపక సంతకము పెట్టించుకొనుట ధర్మము కాదు. క్షేమము కూడ కాదు. అట్టి సంతకములే పిమ్మట వ్యాజ్యములగుచున్నవి. ధర మాటలాడుటకు ముందే ఆమెను కూర్చుండబెట్టి లెక్క చెప్పుట ఇంటి పరువును, పుట్టినింటి బంధమును రెండింటిని కాపాడును. మగ్గము పక్కన కూర్చుండి కండెలు చుట్టి ఆ ఇంటిని నిలిపినవారిలో ఆమెయు ఒకతె.

వారసులలో మైనరు ఉన్నచో తండ్రియో తల్లియో సంతకము చేసినంత మాత్రమున చాలదు. మైనరు యొక్క సొంత భాగమును అమ్ముటకు 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము కోర్టు అనుమతి కావలెను. దూరదేశములలో ఉన్న వారసుడు రాలేకున్నచో అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించిన పవరు పంపవచ్చును. అది ఇక్కడికి చేరిన 3 నెలలలోగా స్టాంపు వేయించవలెను.

ఇన్ని సంతకములకును ఆధారము మరణ ధ్రువపత్రమును, వారసుల ధ్రువపత్రమును. మరణము ఏడాదిలోగా నమోదు కానిచో మెజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. వారసుల పత్రము తమిళనాడు, ఒరిస్సాలలో తహసీల్దారు కార్యాలయమున దొరకును. కర్ణాటకమున రెవెన్యూవారు వంశవృక్ష మిత్తురు. మహారాష్ట్రమున ముఖ్య విషయములకు కోర్టు నుండి వారస పత్రము పొందుట వాడుక.

మనమున్న చోట్ల వాడుకలో నున్న రికార్డులు

క్రయ దస్తావేజుతో పాటు చూపవలసిన ప్రభుత్వ రికార్డు ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క పేరుతో ఉన్నది.

తమిళనాడులో పట్టా ముఖ్యము. గ్రామ నివాస స్థలములకు నత్తము పట్టా, పట్టణములలో టౌను సర్వే రిజిస్టరు నకలు అడుగుదురు. కాంచీపురము వంటి ఆలయ పట్టణములలో స్థలము దేవాలయమునదై, ఇల్లు మాత్రము మనవారు కట్టుకొన్నదై ఉండుట కలదు. అట్టిచోట స్థలమును అమ్ముటకు మనకు హక్కు లేదు. ఈ సంగతి ముందే విచారించుకొనవలెను.

కర్ణాటకమున ఖాతా సర్టిఫికెట్టు, ఖాతా నకలు అడుగుదురు. గ్రామ పంచాయతీ పరిధిలో ఈ-స్వత్తు ద్వారా వచ్చు నమూనాలు, పట్టణములలో ఈ-ఖాతా అవసరము. బెంగుళూరులో 2024 నుండి రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా తప్పనిసరి చేసినారు. ఇన్‌కంబరెన్సు విషయమున లావాదేవీలున్నచో 15వ నమూనా, లేనిచో 16వ నమూనా ఇత్తురు. ఖాతా అనునది పన్ను లెక్కకు సంబంధించినది. అది హక్కు పత్రము కాదు. అయినను అది లేక పని జరుగదు.

మహారాష్ట్రమున షోలాపురము, భివండీ వంటి పట్టణములలో సిటీ సర్వేవారి ప్రాపర్టీ కార్డు, రిజిస్ట్రేషను ఇండెక్సు 2 నకలు ప్రధానములు. సర్వే నంబరు భూమిపై కట్టిన ఇండ్లకు సాత్‌బారా ఉతారా, వ్యవసాయేతర ఉత్తరువు అడుగుదురు. వకీలు చేత రికార్డులు వెదకించి రిపోర్టు తీసికొనుట అక్కడి పద్ధతి. హౌసింగు సొసైటీ ఇల్లయినచో షేరు సర్టిఫికెట్టు, బాకీ లేదను లేఖ కావలెను. షోలాపురము వద్ద కుంభారిలో రాయనగర్ ఇండ్లు 15,000 వరకు 2024 జనవరిలో చేనేత, మరమగ్గ, బీడీ మొదలగు కార్మికులకు అప్పగించబడినవి. ఇట్టి సహాయ పథకముల ఇండ్లు పొందినవారు అమ్మకమునకు ముందు తమ కేటాయింపు పత్రములోని షరతులు చదువుకొనవలెను. షరతునకు విరుద్ధముగా అమ్మినది నిలువదు.

ఒరిస్సాలో హక్కుల రికార్డు, అనగా అక్కడివారు పట్టా అనునది, ఆధారము. ఖాతా నంబరు, ప్లాటు నంబరు, భూమి తరగతి ఇందులో ఉండును. బరంపురమున మన పట్టు నేతవారి పాత ఇండ్లలో ఈ రికార్డు తాత పేరనే నిలిచిపోయినచో మ్యుటేషను ముందుగా చేయించుకొనవలెను.

యానాములో పాత పత్రములు ఫ్రెంచి పాలన నాటివి కావచ్చును. యానాము 1954లో ఫ్రెంచివారి చేతినుండి వచ్చినది; చట్టరీత్యా బదిలీ 1962లో జరిగినది. ఫ్రెంచి భాషలోనున్న పత్రమునకు ధ్రువీకరించిన అనువాదము చేయించవలెను. ఫ్రెంచి కాలమున సొంత ధర్మశాస్త్రమును విడిచి ఫ్రెంచి సివిలు కోడును స్వీకరించిన రెనోన్సాంటు కుటుంబములకు హిందూ వారసత్వ చట్టము వర్తింపదు. ఆ కుటుంబములవారు ప్రత్యేకముగా వకీలును సంప్రదింపవలెను.

పేర్లు, భాషలు, కొలతలు

వలస వచ్చి స్థిరపడిన మనకు ప్రత్యేకముగా ఎదురగు చిక్కు ఇది. ఒకే మనిషి పాత దస్తావేజులో తెలుగు ఇంటిపేరుతో ఉండును. తమిళనాటి రేషను కార్డులో తండ్రి పేరు మొదటి అక్షరముతో ఉండును. మహారాష్ట్రములో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను వరుసలో ఉండును. ఆధార్ కార్డులో నాలుగవ విధముగా ఉండును. ఈ నలుగురును ఒకరేయని చూపు ప్రమాణ పత్రము సిద్ధముగా ఉండవలెను. వీలైనచో కార్డులలోని పేరును సరిచేయించుకొనుట మరింత మేలు.

దస్తావేజుల భాష కూడ అట్టిదే. గంజాం జిల్లా 1936 వరకు, బళ్లారి 1953 వరకు మద్రాసు రాష్ట్రములో ఉండెను గనుక అక్కడి పాత దస్తావేజులు తెలుగులో కనబడును. మహారాష్ట్రపు పాత కాగితములు మోడీ లిపిలో ఉండవచ్చును. పెద్దలు పోయిన పిమ్మట వీనిని చదువువారు ఇంటిలో ఉండరు. ఇప్పుడే చదివించి అనువాదము జతపరచి ఉంచవలెను.

కొలతలలో ఒక సెంటు 435.6 చదరపు అడుగులు. గుంట 1,089 చదరపు అడుగులు. మద్రాసు గ్రౌండు 2,400 చదరపు అడుగులు. ప్రాపర్టీ కార్డులో చదరపు మీటర్లుండును. ఒక చదరపు మీటరు సుమారు 10.76 చదరపు అడుగులు. దస్తావేజులోని కొలతయు, నేల మీది కొలతయు, నాలుగు హద్దులును సరిపోవుచున్నవో లేదో కొలిపించి చూచుకొనవలెను. పొరుగువారితో ఉమ్మడి గోడ, నడవ, బావి ఉన్నచో దస్తావేజులో స్పష్టముగా వ్రాయించవలెను.

అప్పులు, బాకీలు, మగ్గము

ఇంటిపై బ్యాంకు అప్పు తీరినచో అసలు దస్తావేజులు వెంటనే తెచ్చుకొనవలెను. 2023 డిసెంబరు 1 నుండి, అప్పు పూర్తిగా తీరిన 30 దినములలోగా బ్యాంకులు అసలు పత్రములు తిరిగి ఇచ్చి తాకట్టు తొలగింపవలెను. తమ తప్పు వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెను. ఇది రిజర్వు బ్యాంకు ఉత్తరువు. నేత సహకార సంఘములలో గాని, షావుకారు వద్ద గాని దస్తావేజు పెట్టి నూలు, పెట్టుబడి తెచ్చినవారికి ఈ ఉత్తరువు వర్తింపదు. వారు బాకీ తీరినట్లు వ్రాతపూర్వకముగా రశీదు పుచ్చుకొని దస్తావేజు విడిపించుకొనవలెను. రిజిస్టరు తాకట్టు అయినచో రద్దు పత్రము కూడ రిజిస్టరు చేయించవలెను.

ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లు కడపటి రశీదులు ఉంచవలెను. మగ్గమునకు వేరు కరెంటు కనెక్షనున్నచో దాని సంగతి ప్రత్యేకముగా వ్రాయించవలెను. భూమికి పాతుకొన్న వస్తువులు, వేరు మాట లేనిచో, ఇంటితో పాటు కొనువానికి పోవునని చట్టము. గుంటమగ్గము, రంగు తొట్లు, మోటారు వీనిలో ఏవి మనవి, ఏవి అతనివి అని ఒప్పందములోనే తేల్చుకొనవలెను. మగ్గము విప్పుకొనిపోవు దినమున తగవు పడుట ఎవరికిని శోభ కాదు.

సొమ్ము పుచ్చుకొను విధము

చూచుటకు నకళ్లు ఇవ్వవలెను. అసళ్లు తన ఎదుట చూపి తిరిగి పెట్టెలో పెట్టుకొనవలెను. పూర్తి సొమ్ము ముట్టినప్పుడే అసళ్లు అప్పగించి, ఏ ఏ పత్రములిచ్చెనో జాబితాపై కొనువాని సంతకము తీసికొనవలెను. దళారి చేతికి అసలు దస్తావేజు గాని, వ్రాయని స్టాంపు కాగితముపై సంతకము గాని ఎన్నడును ఇవ్వరాదు.

బయానాతో సహా 20,000 రూపాయలు, అంతకు పైబడిన సొమ్మును రొక్కముగా పుచ్చుకొనుట 2015 నుండి నిషేధము; పుచ్చుకొన్నంత మొత్తము జరిమానా పడవచ్చును. చెక్కు గాని బ్యాంకు బదిలీ గాని శ్రేయస్కరము. ధర 50 లక్షలు, అంతకు మించినచో కొనువాడు నూటికి 1 రూపాయి ఆదాయపు పన్ను తగ్గించి ప్రభుత్వమునకు కట్టును. ఆ సర్టిఫికెట్టు అడిగి పుచ్చుకొనవలెను. వేరు ఒప్పందము లేనిచో స్టాంపు ఖర్చు కొనువానిదే.

పెట్టెలో ఉండవలసినవి

1. అసలు దస్తావేజు, లింకు దస్తావేజులు. పోయినచో ధ్రువీకరించిన నకళ్లు.
2. నేటి తేదీ వరకు ఇన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు. మహారాష్ట్రమున ఇండెక్సు 2, వకీలు రిపోర్టు.
3. పట్టా, ఖాతా, ప్రాపర్టీ కార్డు, హక్కుల రికార్డు, వీనిలో తమ రాష్ట్రమునకు తగినది, అమ్మువారి పేరున.
4. మరణ ధ్రువపత్రములు, వారసుల పత్రము, హక్కు విడుదల దస్తావేజులు.
5. ఇంటి ప్లాను మంజూరు, కొలతల పటము.
6. పన్ను, నీరు, కరెంటు రశీదులు.
7. అప్పు తీరిన లేఖ, తాకట్టు రద్దు పత్రము.
8. సంతకము చేయువారందరి ఆధార్, పాన్ కార్డులు, ఫోటోలు. పేర్లు వేరైనచో ప్రమాణ పత్రము.

రిజిస్ట్రేషను జరిగినంత మాత్రమున హక్కు స్థిరపడినట్లు కాదు. హక్కు ఎవరిదో తేల్చుట సబు రిజిస్ట్రారు పని కాదని తమిళనాటి కేసొకదానిలో సుప్రీంకోర్టు 2025లో చెప్పినది. కనుక కొనువాడు తానే అన్నియు పరీక్షించును, పరీక్షింపవలెను కూడ. దానికి మనము కోపగించుకొనరాదు.

ఇల్లు అమ్ము తలంపు లేనివారు సహితము ఈ జాబితా పట్టుకొని ఒక దినము పెట్టె తెరచి చూచుట మంచిది. తాత పేరు ఎట్లు వ్రాసెడివారో, ఏ అప్పు ఎప్పుడు తీరెనో, మేనత్తలు ఏ ఊళ్లలో ఉన్నారో చెప్పగలవారు ఇంకను ఇంటిలో ఉన్నప్పుడే ఈ పని సులభము. వారు పోయిన పిమ్మట అవే సంగతులు కోర్టులో రుజువు చేయవలసి వచ్చును. లేని కాగితము ఏదో నేడు తెలిసికొన్నచో, దానిని తెప్పించుటకు మనకు వ్యవధి ఉండును. ధరను మనమే చెప్పగలుగుదుము.